కెఫ్ క్యూ150 స్పీకర్లకు డెనాన్ ఎక్స్1700హెచ్ సరిపోతుందా?

మా ఇంట్లో స్పీకర్లు ముందు వచ్చాయి, ఆంప్లిఫయర్ తరువాత వచ్చింది. ముందు వైపు కెఫ్ క్యూ150 జత, అదే శ్రేణిలోని సెంటర్ స్పీకర్, వెనుక రెండు చిన్న సరౌండ్‌లు, సొంత ఆంప్లిఫయర్ ఉన్న ఒక సబ్‌వూఫర్ (లోతైన బేస్ కోసమే ఉండే స్పీకర్) ఉన్నాయి. వీటిని నడపడానికి కోఠిలో ఒక దుకాణదారు 500 వాట్లకు తక్కువ తీసుకోవద్దన్నారు. నేను మాత్రం స్పీకర్లను నడిపే ఆంప్లిఫయర్లు లోపలే ఉన్న, ఛానెల్‌కు 80 వాట్ల డెనాన్ ఏవీఆర్-ఎక్స్1700హెచ్ రిసీవర్ తెచ్చుకున్నాను. ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను.

క్యూ150 సెన్సిటివిటీ 86 డెసిబెల్‌లు. అంటే 1 వాట్ ఇస్తే 1 మీటరు దూరంలో అంత ధ్వని వినిపిస్తుందన్నమాట. మా హాలులో సోఫా స్పీకర్లకు 9 అడుగుల దూరంలో ఉంది కాబట్టి, దాదాపు 9 డెసిబెల్‌లు తగ్గి 77 మాత్రమే చెవికి చేరుతుంది. 80 వాట్లూ ఇస్తే దానికి 19 డెసిబెల్‌లు కలిసి, ఒక్క స్పీకర్ నుంచే 96 వస్తుంది. వాట్లను రెట్టింపు చేసి 160కి వెళ్లినా పెరిగేది 3 డెసిబెల్‌లే, అది చెవికి కొద్దిపాటి తేడా. కరపత్రాల్లో పెద్ద అక్షరాలతో వేసే వాట్ల అంకెను నేను పట్టించుకోకపోవడానికి కారణం ఇదే. డెనాన్ చెప్పే 80 వాట్లు కూడా రెండు ఛానెళ్లు మాత్రమే నడుస్తున్నప్పుడు 8 ఓమ్‌ల దగ్గర కొలిచినవి. ఈ రిసీవర్‌కున్న ఏడు ఛానెళ్లూ ఒకేసారి పూర్తిగా పనిచేస్తే ఒక్కొక్కదానికి అంత అందదు.

వాట్ల కంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఇంపిడెన్స్, అంటే కరెంటుకు స్పీకర్ చూపే నిరోధం. దీన్ని ఓమ్‌లలో కొలుస్తారు. క్యూ150ని 8 ఓమ్‌ల స్పీకర్ అంటారు గానీ, కొన్ని పౌనఃపున్యాల దగ్గర అది 3.7 ఓమ్‌ల వరకు పడిపోతుంది. అక్కడ ఆంప్లిఫయర్ రెట్టింపు కంటే ఎక్కువ కరెంటు ఇవ్వాల్సి వస్తుంది. ఈ రిసీవర్ 4 నుంచి 16 ఓమ్‌ల స్పీకర్లకు తయారైనది కాబట్టి ధైర్యం చేశాను. పైగా క్రాసోవర్‌ను (స్పీకర్లకూ సబ్‌వూఫర్‌కూ ధ్వనిని పంచే హద్దును) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి లోతైన బేస్‌ను సబ్‌వూఫర్‌కు అప్పగిస్తే, రిసీవర్ మీద భారం బాగా తగ్గుతుంది. రిసీవర్‌లో ఆడిసీ అనే ఏర్పాటు ఉంది, అది మైకుతో గదిలోని ధ్వనిని కొలిచి సరిచేస్తుంది. ఆ కొలతలు పూర్తయ్యాక అది నా స్పీకర్లను 'లార్జ్' అని, అంటే లోతైన బేస్‌ను కూడా వాటికే పంపవచ్చని నిర్ణయించింది. నేను చేత్తో 'స్మాల్'గా మార్చుకున్నాను. 5.25 అంగుళాల వూఫర్ ఉన్న స్పీకర్‌కు లార్జ్ అన్న మాట ఎంతమాత్రం తగదు, కొత్తగా కొన్నవారు ఈ ఒక్క సెట్టింగును తప్పక చూసుకోవాలి.

మైకును సోఫా చుట్టూ 8 చోట్ల ఉంచి కొలిచిన తరువాత, వాల్యూమ్‌లో సున్నా అంటే థియేటర్ ప్రమాణమని అర్థం. అక్కడ సగటు ధ్వని 85, పతాక స్థాయి 105 డెసిబెల్‌లు. అపార్ట్‌మెంట్‌లో మేము రాత్రిపూట సినిమాలు మైనస్ 20 దగ్గర చూస్తాం. ఆ స్థాయిలో పతాక ధ్వనికి 6, 7 వాట్లు చాలు. ఇరుగుపొరుగు ఊరికి వెళ్లిన రోజు మైనస్ 10 వరకు పెంచినా 63 వాట్లకు మించి అవసరం రాదు. నేపథ్య సంగీతం ఉధృతంగా ఉన్న సన్నివేశాల్లోనూ సెంటర్ స్పీకర్‌లో మాటలు ఒక్క అక్షరం కూడా పోకుండా వినిపిస్తున్నాయి. అసలు ఈ ఖర్చంతా నేను పెట్టింది ఆ మాటల స్పష్టత కోసమే.

లోపాలూ ఉన్నాయి. సబ్‌వూఫర్‌కు తప్ప మిగిలిన ఛానెళ్లకు ప్రీ-అవుట్‌లు (సిగ్నల్‌ను వేరే ఆంప్లిఫయర్‌కు పంపే సాకెట్లు) లేవు, అందువల్ల రేపు విడిగా పవర్ ఆంప్లిఫయర్ కలుపుకునే వీలు లేదు. ఆడిసీ కొలతలను సవరించుకునే యాప్‌కు వేరుగా డబ్బు చెల్లించాలి. రిసీవర్ బాగా వేడెక్కుతుంది. మే నెల హైదరాబాద్ ఎండల్లో దాన్ని టీవీ కింది తలుపుల అరలో మూసి ఉంచడం ప్రమాదం. మేము వెనుక చెక్కను తీయించి, పైన ఒక జానెడు ఖాళీ వదిలాం.

హాలు 20 అడుగులకు మించి, సెన్సిటివిటీ తక్కువగా ఉన్న 4 ఓమ్‌ల టవర్ స్పీకర్లు పెట్టుకునేవారికి దీన్ని సూచించను. వారు అన్ని ఛానెళ్లకూ ప్రీ-అవుట్‌లు ఉన్న డెనాన్ ఎక్స్3800హెచ్ రిసీవర్ వైపు చూడడం మంచిది.