కూలెంట్ అని రంగు నీళ్ళు అంటగట్టారు, తిరుపతిలో కొనేవాళ్ళు చూసుకోండి

కారు ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ ఇంటి దగ్గరే మార్చుకునే అలవాటున్నవాళ్ళు డబ్బా కొనేముందు ఇది ఒక్కసారి చదవండి. 570 రూపాయలు మిగిలాయని సంబరపడినందుకు నేను 9,400 కట్టుకున్నాను.

నాది 2014 మోడల్ పెట్రోల్ కారు. పోయిన సెప్టెంబరులో రేణిగుంట రోడ్డు వైపు ఒక స్పేర్ పార్ట్స్ అంగడికి పోయి కాన్సన్‌ట్రేట్, అంటే నీళ్ళు కలపని చిక్కటి కూలెంట్ అడిగాను. ముందే నీళ్ళు కలిపి అమ్మే రెడీమిక్స్ వద్దనుకోవడానికి కారణం ఉంది. రేడియేటర్ కింది మర విప్పితే అంతా బయటికి రాదు. ఇంజిన్ బ్లాకులో, హీటర్ దగ్గర చాలా భాగం ఉండిపోతుంది. ఫ్లష్ చేసిన, అంటే లోపల కడిగిన నీళ్ళూ అంతే. వాటి మీద రెడీమిక్స్ పోస్తే ఇంకా పలచబడుతుంది. మొత్తం 5 లీటర్లు పట్టే బండికి ముందు రెండున్నర లీటర్ల కాన్సన్‌ట్రేట్ పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపితే లెక్క సగం సగానికి వస్తుంది.

అంగడాయన ఆకుపచ్చ రంగుది 3 లీటర్ల డబ్బా తీశాడు. బయట లీటరు 350 ఉంటే ఈయన మూడు లీటర్లూ కలిపి 480 అన్నాడు. "సరుకు కంపెనీదే సామీ, ప్యాకింగ్ మాత్రం లోకల్" అన్నాడు. డబ్బా మీద బ్యాచ్ నంబరు లేదు, తయారైన తేదీ లేదు. బిల్లు అడిగితే చిత్తుకాగితం మీద "కూలెంట్ 1" అని రాసిచ్చాడు. అక్కడే తిరిగి వచ్చేయాల్సింది. రంగు చూసి మోసపోయాను. కూలెంట్ రంగు కంపెనీ కలిపే డై మాత్రమే, సరుకు మంచిదో కాదో అది చెప్పదు.

పని మాత్రం పద్ధతిగానే చేశాను. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మూత తీశాను. మా ఇంటి బోరు నీళ్ళు బకెట్‌లో నిలిస్తే అడుగున తెల్లగా పొర కడుతుంది, అందుకని ఇన్వర్టర్ షాపులో డిస్టిల్డ్ వాటర్ కొని, హీటర్ ఫుల్ వేడి మీద పెట్టి మూడుసార్లు ఫ్లష్ చేశాను.

ఎనిమిది నెలలు ఏమీ కాలేదు. మే నెలలో అమ్మను తీసుకుని కొండకు బయలుదేరాం. అలిపిరి దాటి ఘాట్ రోడ్డులో కొంచెం పైకి పోగానే టెంపరేచర్ ముల్లు లేచింది. వెడల్పుగా ఉన్నచోట ఆపి గంటసేపు కదల్లేదు. కొండ మీదికి ప్లాస్టిక్ బాటిళ్ళు తీసుకుపోకూడదు కాబట్టి స్టీలు బాటిళ్ళలో తెచ్చుకున్న తాగేనీళ్ళే చల్లారాక పోశాం. ఏసీ ఆపి, ఇంజిన్ వేడిని కొంత లాగుతుందని హీటర్ పెట్టుకుని మెల్లగా ఎక్కాం. మే నెలలో హీటరు! అమ్మ దారంతా గోవింద నామాలే.

కిందికి వచ్చాక మెకానిక్ విప్పి చూపించాడు. వాటర్ పంపు సీలు కారుతోంది, రేడియేటర్‌కు సన్నటి చిల్లు, లోపల టీ డికాక్షన్ లాంటి నీళ్ళు. "అన్నా, ఇది కూలెంటే కాదు, రంగు కలిపిన నీళ్ళు" అన్నాడు. వేడిని లాగడంలో నీళ్ళు బాగానే పనిచేస్తాయి, అందుకే మొదట్లో తేడా తెలియలేదు. తుప్పు పట్టకుండా, అల్యూమినియం తినకుండా కాపాడే మందులు అందులో లేవు. నేను దాన్ని మళ్ళీ సగం పలచన కూడా చేశానాయె.

ఇంట్లో మిగిలిన అర లీటరుతో పరీక్ష చేశాను. మందు సీసా మూతంత తీసుకుని, అంతే డిస్టిల్డ్ వాటర్ కలిపి రాత్రి ఫ్రీజర్‌లో పెట్టాను. కూలెంట్‌లో అసలు సరుకైన గ్లైకాల్ సగం ఉంటే సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు, ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉంటుంది. పొద్దునకి మూతలో రాయిలాంటి ఐసు. ఒక మాట, ఈ పరీక్ష కాన్సన్‌ట్రేట్‌కే. గ్లైకాల్ తక్కువుండే రెడీమిక్స్ అసలుదైనా కొంచెం ముద్దకట్టవచ్చు. కాన్సన్‌ట్రేట్ అయితే తూకం కూడా పట్టిస్తుంది, లీటరు నీళ్ళకంటే వంద గ్రాములు పైనే బరువుండాలి. పరీక్షకు వాడిన మూత పారేయండి, మళ్ళీ వంటింట్లోకి రానివ్వకండి. గ్లైకాల్ విషం, పైగా తియ్యగా ఉంటుంది. పాతది వీధి కాలువలో పోస్తే కుక్కలు నాకుతాయి.

డబ్బా పట్టుకుని అంగడికి పోతే, "ఎనిమిది నెల్లకి వచ్చి అడిగితే ఎట్లా సామీ, అయినా ఇది మాదేనని ఏముంది?" అన్నాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు, కానీ నా చేతిలో ఉన్నది చిత్తుకాగితం. మీరు మాత్రం జీఎస్టీ నంబరున్న బిల్లు లేకుండా డబ్బులివ్వకండి.

వచ్చేస్తూ చూశాను, అరలో అవే ఆకుపచ్చ డబ్బాలు ఇంకో పది దాకా ఉన్నాయి. అలాంటిది ఇప్పటికే పోసుకున్నవాళ్ళు రేపు పొద్దున ఇంజిన్ స్టార్ట్ చేయకముందే రిజర్వ్ ట్యాంకులోకి టార్చి వేసి చూడండి. ఎరుపు తిరిగి ఉంటే ఘాట్ ఎక్కకండి.