గామా మట్టిలో మూడేళ్లు నారు పోశాక

శ్రీకాకుళం దగ్గర, నాగావళి ఒడ్డున మాది చిన్న నర్సరీ. వంగ, మిరప, టమాటా నారు పోసి అమ్ముతాం. అక్టోబరు వానలకు నారుకుళ్లు తెగులు ఏటా ట్రేలకు ట్రేలే ఊడ్చేసేది. మట్టిలోని తెగులు చావాలని డ్రమ్ములో మట్టికి ఆవిరి పట్టి చూశాం, ముద్దకట్టి పనికిరాకుండా పోయింది. అప్పుడే కోబాల్ట్-60 గామా కిరణాలు పట్టించిన మట్టి సంచులు తెప్పించాను.

కిరణాలు పట్టించినంత మాత్రాన మట్టి రేడియోధార్మికం అయిపోదు. మొదట్లో మా అమ్మ ఆ సంచి ముట్టుకోనిచ్చేది కాదు, ఇప్పుడు తనే గింజ వేస్తోంది. మట్టి గుల్లగానే ఉంటుంది, కలుపు మొలవదు. సంచి మీద 25 కిలోగ్రేలు అని ఉంటుంది, అది పట్టించిన కిరణాల మోతాదు. సుమారు 10 కిలోగ్రేలకే శిలీంధ్రాలు చాలావరకు చచ్చిపోతాయి. బ్యాక్టీరియాకు 20 దాకా కావాలి, మొండివి కొన్ని అప్పటికీ మిగులుతాయి.

మొదటి వారం మొలక చూస్తే కడుపు నిండుతుంది. చిక్కంతా ఆ తర్వాతే. తొలి విడతకు బావి నీళ్లు పోశాను. ట్రే మూలన దూదిపింజలా తెల్లబూజు లేచి, మర్నాటికి అరచేయంత పరుచుకుంది. మిరప మొలకల మొదళ్లు దారం బిగించినట్టు సన్నబడి, మూడు రోజుల్లో ట్రే అంతా ఒరిగిపోయింది. పక్కనున్న ఒండ్రుమట్టి ట్రేలోనూ తెగులు వచ్చింది, కానీ నాలుగైదు మొలకలతో ఆగిపోయింది. అక్కడ తెగులుతో తిండికీ చోటుకీ పోటీపడే సూక్ష్మజీవులున్నాయి. గామా మట్టిలో అడ్డుపడేవాళ్లే లేరు.

ఇంకో దెబ్బ యూరియాతో తగిలింది. చచ్చిన సూక్ష్మజీవుల నుంచి అమ్మోనియం విడుదలవుతుంది, దాన్ని నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా ఉండదు. అది తెలియక, అమ్మోనియాన్ని ఇంకా పెంచే యూరియా నీళ్లు అలవాటుగా పోస్తే ఆకు అంచులు మాడిపోయాయి. వేళ్లకు భాస్వరం అందించే మైకోరైజా శిలీంధ్రం కూడా చచ్చిపోవడంతో భాస్వరం అందక టమాటా ఆకుల అడుగున ఊదారంగు తిరిగింది.

రెండో ఏడాది నుంచి సంచి విప్పిన రోజే, బాగా మాగిన గత్తంలో పెంచిన ట్రైకోడెర్మా అనే, తెగులును అణిచే మేలు శిలీంధ్రం కలుపుతున్నాను, మైకోరైజా పొడి చల్లుతున్నాను. బావి నీళ్లు మానేశాను. అప్పటి నుంచి నారుకుళ్లుకు ఒక్క ట్రే కూడా పూర్తిగా పోలేదు. ఖరీదైన హైబ్రిడ్ మిరప గింజకైతే ఈ మట్టి కొనమనే చెబుతాను. వేరుశనగకు, చిక్కుడుకు మాత్రం, వాటి వేళ్లకు నత్రజని పట్టిచ్చే రైజోబియం బ్యాక్టీరియా పట్టించకుండా వాడకండి. విప్పిన సంచిలో మిగిలింది దాచుకోకండి, గాలి తగిలాక అది మామూలు మట్టే. నేనైతే బంతి కుండీల్లో పోసేస్తాను.