అనంతపురంలో ఫాక్స్‌గ్లవ్ నారు: కళ్యాణదుర్గం రోడ్డు నర్సరీ

గంటల్లాంటి పూలు గెలగా పూసే చలిదేశపు మొక్క ఫాక్స్‌గ్లవ్ అనంతపురంలో పూస్తుందా అని అడిగేవాళ్లకు నా జవాబు: పూస్తుంది, ఒక్క చలికాలానికి. అదీ నారు సరైన చోట కొంటేనే. నేను కొన్నది కళ్యాణదుర్గం రోడ్డులో, ఊరు దాటాక వచ్చే చిన్న నర్సరీలో. బోర్డు లేదు. పచ్చటి షేడ్‌నెట్ పందిరి, ముందు వరసగా పేర్చిన సిమెంటు కుండీలు, అవే గుర్తు. మొక్కలు బాగున్నాయి. కానీ ఈ రివ్యూ రాయాలనిపించింది మాత్రం ఆ నర్సరీ ఆయన అమ్మే తీరు చూసి.

రిటైరయ్యేదాకా నేను ఆసుపత్రి ఫార్మసీలో పనిచేశాను. గుండె జబ్బు ఉన్నవాళ్లకు, ఫాక్స్‌గ్లవ్ జాతి మొక్క నుంచే వచ్చే డిగాక్సిన్ మాత్రలు ఇచ్చేటప్పుడు "నిన్న మర్చిపోయామని ఇవాళ రెండు వేసుకోవద్దు" అని ప్రతి ఒక్కరికీ చెప్పేదాన్ని. ఆ మందులో మేలు చేసే మోతాదుకూ కీడు చేసే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. కొంచెం ఎక్కువైతే చాలు, వాంతులు, నాడి నెమ్మదించడం, కొందరికి చూసేదంతా పసుపుగా కనిపించడం. ఒళ్లు నీరు పట్టిన రోగులకు ఫాక్స్‌గ్లవ్ ఆకు ఎంత ఇవ్వాలో, ఎక్కడ ఆపాలో ఇంగ్లండులో విలియం విథరింగ్ అనే వైద్యుడు 1785లోనే పుస్తకంగా రాశాడు. డిగాక్సిన్‌ను విడిగా తీసింది 1930లో. అది మనం తోటల్లో పెంచే ఊదారంగు జాతి నుంచి కాదు, దానికి దాయాది అయిన లనాటా జాతి నుంచి. అన్నేళ్లు మాత్రగా చూసినదాన్ని పువ్వుగా చూడాలని నాకు గట్టి కోరిక.

మొదట విత్తనాలు ఆన్‌లైన్లో తెప్పించాను. కంపెనీ పేరు రాయను. ప్యాకెట్ మీద నిండా పూసిన గెలల ఫోటో ఉంది కానీ, అది రెండేళ్ల రకమని ఎక్కడా లేదు. మామూలు ఫాక్స్‌గ్లవ్ మొదటి ఏడాది నేలకు అంటుకుని ఆకులే వేస్తుంది. గట్టి చలి తగిలాక రెండో ఏడాదిలో గెల ఎత్తుతుంది. మనకు ఆ రెండో ఏడాది ఎక్కడిది? మధ్యలో నలభై దాటే ఎండాకాలం ఉందాయె. చక్కగా మొలిచి, అరచేయంత ఆకులు వేసిన మొక్కలు ఏప్రిల్లో మాడిపోయాయి. చల్లని దేశాల వాళ్లకు ఆ ప్యాకెట్ సరిపోతుందేమో. మన ఊళ్లకు పంపేటప్పుడు ఆ ఒక్క ముక్క అచ్చు వేయడం వాళ్ల బాధ్యత.

ఇక నర్సరీ సంగతి. ఆయన తెప్పించేది చలితో పని లేకుండా వేసిన ఏడే పూసే రకాలు, డాల్మేషన్, కేమెలాట్. బెంగళూరు నుంచి ట్రేలలో చిన్న నారుగా తెప్పించి, ఇక్కడ నల్ల కవర్లలోకి మార్చి, నెట్ కింద కొన్నాళ్లు ఉంచి, అక్టోబరు చివర్లో అమ్మకానికి పెడతాడు. ఆ సంగతి దాచడు. "విత్తనం దుమ్ములాగుంటాది మేడం. పైన మన్ను కప్పితే మొల్చదు, దానికి ఎల్తురు గావాల. మన సెప్టెంబరు ఉక్కకు సగం గూడా రావు. అందుకే ట్రేలు తెప్పిస్తా" అన్నాడు. కవరు మొక్క అరవై రూపాయలు. బంతి నారు లెక్కన చూస్తే ఎక్కువే. కానీ నేను అడగకుండానే ఒక కవరు తిరగేసి, మట్టిగడ్డ చెదరకుండా చేతిలోకి తీసుకుని వేర్లు చూపించాడు. తెల్లగా, సన్నగా, అంచుల దాకా వచ్చి ఉన్నాయి, చుట్టలు చుట్టుకోలేదు. పూత చూపించి అమ్మేవాళ్లే గాని, వేరు చూపించి అమ్మేవాళ్లు తక్కువ.

డబ్బులు తీసుకునే ముందు ఇంకో మాట అన్నాడు: "ఇది మన ఎండకు నిలబడేది గాదు. ఉగాదికంతా అయిపోతాది. ఆలోచించుకోని తీస్కోండి." పక్కనే ఒకావిడ, చిన్నపిల్లాడిని ఎత్తుకుని, అవే మొక్కలు చూస్తూ ఉంటే "బిడ్డ ఆకులు నోట్లో పెట్టుకునే వయసమ్మా, ఇది ఇసం. ఈ ఏడు స్నాప్‌డ్రాగన్ తీస్కోపో, అదీ ఇట్లే గెల ఏస్తాది" అని ఆమెను అటు పంపాడు. స్నాప్‌డ్రాగన్ నారు పదిహేను రూపాయలు. అరవై రూపాయల బేరం వదులుకుని పదిహేను రూపాయల మొక్క ఇచ్చాడు. నాకు ఆ నర్సరీ మీద నమ్మకం కుదిరింది అక్కడే.

విషం సంగతి నేనూ గట్టిగానే చెప్తాను. ఆకు, పువ్వు, గింజ, మొత్తం మొక్కే విషం. పచ్చగన్నేరు పప్పు ఏం చేస్తుందో మన వాళ్లకు తెలుసు. ఇందులో ఉన్నదీ ఆ తరహాదే, నేరుగా గుండె మీద పనిచేస్తుంది. గన్నేరు ఇంటి ముందు పెంచుకుంటూనే జాగ్రత్తగా ఉన్నట్టు దీనితోనూ ఉండొచ్చు. ఆకుకూరల మడికి దూరంగా నాటండి. దీని ఆకు మెత్తగా, నూగుతో, వెడల్పుగా ఉంటుంది, కూర కోసేవాళ్ల చేతికి పొరపాటున రాకూడదు. పువ్వు పటానికి పెట్టొచ్చు, తీర్థంలో, కలశంలో మాత్రం వేయవద్దు. కోసి పెట్టిన నీళ్లలోకి కూడా విషం దిగుతుంది.

మా ఇంట్లో తూర్పు గోడ వారగా నాటాను. పదింటి దాకా ఎండ, ఆ తర్వాత నీడ. ఎర్రమట్టిలో సగానికి సగం కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు కలిపి, పైన వేరుశనగ పొట్టు పరిచాను. మన జిల్లాలో దానికి కొదవ లేదు, తేమను బాగా పట్టి ఉంచుతుంది. నీళ్లు మొక్క మొదలు దగ్గరే పోయాలి, ఆకుల నడుమ నిలిస్తే మొవ్వు కుళ్లుతుంది. మా బోరు నీళ్లు ఉప్పుగా ఉంటాయి, కుండీల అంచులు తెల్లగా పూస్తాయి. ఫాక్స్‌గ్లవ్‌కు కొంచెం పులుపు నేల, అంటే ఆమ్లగుణం ఉన్న నేల ఇష్టం. డిసెంబరులో లేతాకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. ఫోటో పంపితే ఆయన అదే రోజు జవాబిచ్చాడు: ఇనుము తక్కువైంది, శనక్కాయ చేనుకు కొట్టే మందే కొట్టండి అని. లీటరు నీళ్లకు అయిదు గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే లవణం), ఒక గ్రాము నిమ్మ ఉప్పు. వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేస్తే కొత్తాకులు పచ్చగా వచ్చాయి. మొక్క అమ్మాక కూడా ఫోనెత్తే మనిషి దొరకడం చిన్న సంగతి కాదు.

తోడు పూలు కూడా ఆయన సలహా మీదే కొన్నాను. ముందు వరసలో తెల్ల అలిస్సం, మధ్యలో డయాంథస్, స్నాప్‌డ్రాగన్, ఒక చివర మా పాత చామంతులు. అలిస్సం నేలంతా పరుచుకుని ఫాక్స్‌గ్లవ్ మొదళ్లకు నీడ పట్టింది. పిటూనియా కూడా ఇచ్చాడు గానీ ఆ నీడలో అది సాగిపోయి సరిగ్గా పూయలేదు. దాన్ని ఎండలోకే ఉంచుకోండి.

జనవరి మూడో వారంలో మొదటి గెల లేచింది. గంటలు కింది నుంచి పైకి విచ్చుకుంటూ వస్తాయి. గులాబిరంగు గంట లోపల ముదురు మచ్చలు, ఒక్కో మచ్చ చుట్టూ తెల్లటి అంచు, పెదవి మీద సన్నటి నూగు. పొద్దున్నే నల్లటి తుమ్మెద ఒకటి వచ్చి కింది పెదవి మీద వాలి, మొత్తంగా లోపలికి దూరిపోయి, వెనక్కి నడుచుకుంటూ బయటికొచ్చేది. మళ్లీ పై గంట, దాని పైది. పుప్పొడి ముందు పండి, కీలాగ్రం తర్వాత విచ్చుకుంటుంది కాబట్టి పైనున్న కొత్త పూలలో పుప్పొడి, కిందున్న పాత పూలలో దాన్ని అందుకునే కీలాగ్రం సిద్ధంగా ఉంటాయి. తుమ్మెద కింది నుంచి పైకి ఎక్కడం వల్ల ఒక మొక్క పుప్పొడి ఇంకో మొక్కకు చేరుతుంది. కుర్చీ వేసుకుని కూర్చుని మరీ చూశాను.

లోపాలూ చెప్పాలి. రంగులు కలగలిపి ఉంటాయి, కవర్లకు చీటీలు ఉండవు. నాకు తెల్లవి కావాలంటే గులాబివే ఎక్కువ వచ్చాయి. ఇంటికి పంపే ఏర్పాటు లేదు, ఆటోలో మనమే తెచ్చుకోవాలి. ఆయన అమ్మే మట్టిమిశ్రమం బరువు, నీళ్లు నిలుస్తాయి. అది కొనకుండా మీరే కలుపుకోండి. డిసెంబరు దాటాక ఫాక్స్‌గ్లవ్ అడిగితే ఆయన ఇవ్వడు, ఇచ్చినా తీసుకోవద్దు. మార్చి నెలాఖరుకు ఆ చోట ఖాళీ అవుతుంది, అక్కడికి బిళ్ళగన్నేరు, ఆంజెలోనియా ఆయన దగ్గరే దొరుకుతాయి, రెండూ మన ఎండకు తట్టుకుంటాయి. తెల్ల ఫాక్స్‌గ్లవ్ విడిగా కావాలంటే ఆగస్టులోనే చెప్పి పెట్టమన్నాడు, బెంగళూరుకు ట్రేలు రాసేది అప్పుడేనట.