స్పానిష్ స్టైల్ ఇంటికి టైల్స్ కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

దక్షిణ కాలిఫోర్నియాలో ఇల్లు కొని, లోపల స్పానిష్ స్టైల్లో చేయించుకోవాలనుకునే మన తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. తెల్లటి గోడలు, చెక్క దూలాలు, మెట్లకి ఇనుప రెయిలింగ్ అన్నీ మాకు బాగానే కుదిరాయి. మోసం జరిగింది టైల్స్ దగ్గర. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు. వాళ్లు ఏం చెప్పి అమ్మారో, మా ఇంటికి ఏం వచ్చిందో మాత్రం మీకు తెలియాలి.

వంటింటి గోడకి మేం అడిగింది చేత్తో చేసిన అసులేహో టైల్స్, అంటే రంగుల మెరుపు పూత వేసి కాల్చే స్పానిష్ టైల్స్. స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో నది అవతల త్రియానా అనే పేట ఉంది, ఈ పనికి తరతరాలుగా పేరున్న చోటు. 1929 ఎగ్జిబిషన్ కోసం సెవిల్‌లో కట్టిన ప్లాజా దె ఎస్పాన్యా ఫొటోలు చూసినవాళ్లకి ఆ నీలం, పసుపు రంగుల అందం తెలిసే ఉంటుంది. షాపులో "హ్యాండ్‌మేడ్, మేడ్ ఇన్ స్పెయిన్" అని చెప్పి దానికి తగ్గ ధర తీసుకున్నారు. పెట్టెల మీద మేడ్ ఇన్ స్పెయిన్ అని ఉంది కూడా, అది నిజమే. కానీ స్పెయిన్‌లోనే కాస్తెయోన్ చుట్టుపక్కల పెద్ద పెద్ద టైల్ ఫ్యాక్టరీలు ఉన్నాయి. అక్కడ డిజైన్లు మెషీన్ మీద ఇంక్‌జెట్‌తో ప్రింట్ అవుతాయి. నాణ్యతలో అవి చెడ్డవేం కావు, ధర కూడా అందుబాటులో ఉంటుంది. వాటిని చేతిపని అని చెప్పి చేతిపని ధరకి అమ్మారు, అదీ మా గొడవ.

పెట్టెలు విప్పి నేల మీద పరిస్తే బయటపడింది. ఒక పువ్వు రేకు చివర రంగు కాస్త చెదిరి ఉంది. చేతిపని కదా, అలాగే ఉంటుంది అనుకుంటాం. పక్క టైల్ మీద కూడా సరిగ్గా అదే చోట, అదే ఆకారంలో చెదురు ఉంది. దాని పక్కదాని మీదా అంతే. ఫోన్ కెమెరా జూమ్ చేసి చూస్తే రంగంతా సన్నటి చుక్కలు. కుంచెతో వేసిన రంగు అలా చుక్కలుగా ఉండదు.

చేత్తో చేసినవాటిలో కొన్ని రకాలని వేలితో తడిమినా తెలుస్తాయి. అరిస్తా అనే పద్ధతిలో పచ్చి మట్టి మీద అచ్చు ఒత్తుతారు, రంగుకీ రంగుకీ మధ్య సన్నటి గట్టు లేచి ఉంటుంది. క్వెర్దా సెకాలో రంగులు ఒకదాంట్లోకి ఒకటి పారకుండా జిడ్డు కలిపిన నల్లటి గీత గీస్తారు, కాల్చాక ఆ గీత అలాగే ఉండిపోతుంది. నున్నగా ఉన్న ప్రతిదీ నకిలీ అని మాత్రం తేల్చేయకండి, నున్నటి టైల్ మీద చేత్తో బొమ్మలు వేసే పద్ధతీ ఉంది. అందుకే ఒక్క శాంపిల్ చూసి ఒప్పుకోవద్దు. ఒకే డిజైన్‌వి నాలుగైదు పక్కపక్కన పెట్టి చూపించమనండి. కొనేముందు కళ్లకి అలవాటు కావాలంటే మాలిబులో ఆడమ్సన్ హౌస్‌కి వెళ్లిరండి. 1926 నుంచి 1932 దాకా నడిచిన మాలిబు పాటరీస్ అనే ఫ్యాక్టరీ టైల్స్ ఆ ఇంటి నిండా ఉన్నాయి. శాంటా బార్బరా కోర్టు భవనం కూడా చూడదగ్గదే. 1925 భూకంపం తర్వాత ఆ ఊళ్లో చాలా భాగం ఈ స్పానిష్ స్టైల్లోనే తిరిగి కట్టుకున్నారు.

ఇంతకంటే బాధపెట్టింది నేల. వంటింట్లో సాల్టియో వేయించాం. మెక్సికోలో సాల్టియో అనే ఊరి పేరుతో అమ్మే మట్టి టైల్స్ అవి, ఇక్కడి స్పానిష్ ఇళ్లలో చాలాచోట్ల కనిపిస్తాయి. ఎక్కువ వేడి మీద కాల్చరు కాబట్టి నీళ్లని, నూనెని ఇట్టే పీల్చేస్తాయి. గ్రౌట్ (టైల్స్ మధ్య సందులు నింపే ముద్ద) పెట్టకముందే ఒకసారి, పెట్టాక మళ్లీ సీలర్ (తడి, నూనె ఇంకకుండా వేసే పూత) వేయాలి. "ముందే సీల్ చేసి వచ్చాయి" అన్నారు, బిల్లులో సీలింగ్ అని వేరే లైను వేసి డబ్బూ తీసుకున్నారు. వెయ్యలేదు. గ్రౌట్ టైల్‌లోకి దిగి అంచులన్నీ తెల్లగా పాలిపోయాయి. ఇక మన వంట సంగతి చెప్పాలా! పోపు నూనె చిందినచోటల్లా ముదురు మచ్చలు. స్టవ్ ముందు పసుపు మరక ఎంత తోమినా పోలేదు. ఇంకో కాంట్రాక్టర్‌ని పిలిపిస్తే, గ్రౌట్ పొర తీసి, కడిగి, పూర్తిగా ఆరాక సీల్ చేయాలని, మరకలు మొత్తం పోతాయని మాట ఇవ్వలేనని చెప్పాడు.

దీనికి పరీక్ష చాలా తేలిక. టైల్ మీద నాలుగు నీటి చుక్కలు వేసి కాసేపు ఆగండి. చుక్క అలాగే నిలబడితే సీలర్ ఉన్నట్టు. లోపలికి ఇంకి ఆ చోటు నల్లబడితే లేనట్టు. పనివాళ్లు గ్రౌట్ కలపకముందే వాళ్ల ఎదురుగా ఇది చేయండి, వీడియో తీసి పెట్టుకోండి.

అదే షాపులో స్టవ్ పక్క గట్టుకి సిమెంట్ టైల్స్ కూడా అంటగట్టబోయారు. చెట్టినాడు ఇళ్లలో ఆత్తంగుడి టైల్స్ చూశారు కదా, దాదాపు అదే జాతి. కాల్చరు, సిమెంట్‌తో గట్టిపడతాయి. నేలకి చాలా అందంగా ఉంటాయి, కాదనను. కానీ సిమెంట్‌కి పులుపు పడదు. చింతపండు రసం, నిమ్మకాయ, వెనిగర్ కాసేపు నిలిస్తే పైపొర తినేస్తుంది. సీలర్ కొంత ఆలస్యం చేస్తుంది గానీ పూర్తిగా ఆపదు. పులుసు, చారు రోజూ కాగే ఇంట్లో గట్టు మీద అవి వద్దే వద్దు. మెట్లకైతే రంగుల టైల్స్ నిలువు భాగానికే వేయించండి. గోడ కోసం చేసిన టైల్ కాలు పెట్టే చోట వేస్తే అరిగిపోతుంది, తడి కాలుతో జారతారు కూడా. పెద్దవాళ్లు, పిల్లలు ఉన్న ఇంట్లో ఇది చాలా ముఖ్యం.

డబ్బు విషయం ఒకటి ఉంది. మా దగ్గర మొదట్లోనే సగం అడిగారు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఇంటి పనుల కాంట్రాక్టర్ మామూలుగా తీసుకోదగ్గ అడ్వాన్సు, మొత్తంలో 10 శాతం లేదా 1,000 డాలర్లు, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అంత. అంతకు మించి అడిగారంటే అక్కడితో ఆగిపోండి. లైసెన్సు నంబరు తీసుకుని రాష్ట్ర కాంట్రాక్టర్ల లైసెన్స్ బోర్డు సైట్‌లో చూసుకోండి, ఒక్క నిమిషం పని. కాంట్రాక్టులో ఉత్తినే "స్పానిష్ టైల్" అని రాయనివ్వొద్దు. తయారుచేసినవాళ్ల పేరు, చేత్తో చేసిందా ప్రింటా, ఏ సీలర్, ఎన్ని పూతలు, అన్నీ రాయించుకోండి. మా కాగితంలో సీలింగ్ లైను ఉండబట్టే ఆ డబ్బు వెనక్కి ఇస్తామని ఒప్పుకున్నారు. "హ్యాండ్‌మేడ్" అన్నది మాత్రం నోటిమాటే, కాగితం మీద లేదు. ఇప్పుడు అసలు అలా అననే లేదంటున్నారు.