జాన్ షిప్పెన్ ఆడిన నేల చూడాలంటే ముందు స్కాచ్ ప్లెయిన్స్‌కే వెళ్లండి

గోల్ఫ్ చరిత్ర కోసం న్యూయార్క్ వైపు వచ్చేవాళ్లంతా నేరుగా లాంగ్ ఐలాండ్‌లో ఉన్న సౌతాంప్టన్‌లోని షినకాక్ హిల్స్ గోల్ఫ్ క్లబ్బుకి పరిగెడతారు. నన్నడిగితే, యూఎస్ ఓపెన్ గోల్ఫ్ పోటీలో ఆడిన తొలి నల్లజాతి అమెరికన్ జాన్ షిప్పెన్ కోసం న్యూజెర్సీలోని స్కాచ్ ప్లెయిన్స్‌తో మొదలుపెట్టండి. మనవాళ్లు ఇంతమంది ఉన్న ఎడిసన్‌కి కారులో దగ్గరే.

1921లో నల్లజాతివాళ్లే సొంతంగా పెట్టుకుని నడుపుకున్న షేడీ రెస్ట్ గోల్ఫ్ క్లబ్బు ఉన్నది ఈ ఊళ్లోనే, దాన్ని ఇప్పుడు స్కాచ్ హిల్స్ అంటున్నారు. 1930ల మొదట్లో వచ్చిన షిప్పెన్ మూడు దశాబ్దాలు ఇక్కడే ఆట నేర్పారు, గడ్డి కూడా ఆయనే చూసుకున్నారు. తొమ్మిది హోల్స్ చిన్న కోర్సు, ఊరివాళ్లే నడుపుతున్నారు కాబట్టి డబ్బు కట్టి ఎవరైనా ఆడొచ్చు. క్లబ్‌హౌస్ ఒకప్పటి రైతు ఇల్లు, డ్యూక్ ఎలింగ్టన్ లాంటి జాజ్ సంగీతకారులు వచ్చి వాయించింది ఇక్కడే. హంగులేమీ లేవు, కానీ ఆయన నడిచిన గడ్డి మీద మనమూ నడుస్తాం, నాకైతే అది చాలు.

సౌతాంప్టన్ అలా కాదు. షినకాక్ హిల్స్ పూర్తిగా ప్రైవేటు క్లబ్బు, రోడ్డు మీంచి గుట్ట పైన క్లబ్‌హౌస్ చూసి వెనక్కి తిరగాల్సిందే. 1896లో 16 ఏళ్ల షిప్పెన్ అక్కడ యూఎస్ ఓపెన్ ఆడాడు. ఇతనూ, అక్కడి షినకాక్ అనే స్థానిక అమెరికన్ తెగవాడైన ఆస్కార్ బన్నూ ఆడితే మేం ఆడమని మిగతావాళ్లు మొండికేస్తే, వాళ్లిద్దరే మిగిలినా పోటీ జరుగుతుందని అమెరికా గోల్ఫ్ సంఘం అధ్యక్షుడు హావ్‌మెయర్ తేల్చి చెప్పాడట. షిప్పెన్ మొదటి రౌండ్ 78 షాట్లలో ముగించాడు (గోల్ఫ్‌లో తక్కువ షాట్లు కొట్టినవాడిదే గెలుపు). రెండో రౌండ్‌లో 13వ హోల్ దగ్గర బంతి ఇసుక బాటలో పడి, పాపం, ఆ ఒక్క హోల్‌కే 11 షాట్లు! రెండు రౌండ్లూ కలిపి గెలిచిన ఫౌలిస్ 152, ఇతను 159. ఆ హోల్ ఎక్కడుందో వెతకొద్దు, 1931 నాటికి కోర్సంతా కొత్తగా వేశారు. దానికి బదులు షినకాక్ తెగవాళ్ల మ్యూజియంలో కాసేపు గడపండి. షిప్పెన్ నాన్న వాళ్ల రిజర్వేషన్‌కి (తెగకు కేటాయించిన ప్రాంతానికి) పాస్టరుగా రాబట్టే కదా ఈ కుర్రాడు క్లబ్బులో కేడీ (ఆటగాళ్ల గోల్ఫ్ కర్రలు మోసే కుర్రాడు) అయ్యి, అక్కడి గోల్ఫ్ ప్రొఫెషనల్ విల్లీ డన్ దగ్గర ఆట పట్టుకున్నది.

బస మాత్రం సౌతాంప్టన్‌లో వద్దు, వేసవిలో రేట్లు వింటేనే టెన్షన్ వస్తుంది. రివర్‌హెడ్ వైపు చూసుకోండి. శుక్రవారం సాయంత్రం లాంగ్ ఐలాండ్ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కారో, ట్రాఫిక్‌లోనే రాత్రయిపోతుంది. రైలుంది కానీ దిగాక ఎటు వెళ్లాలన్నా కారు కావాల్సిందే. తిరుగు దారిలో టైముంటే న్యూజెర్సీలోని లిండెన్‌లో ఆగండి, షిప్పెన్ సమాధి అక్కడి రోజ్‌డేల్ శ్మశానంలో ఉంది. ఆయన 1968లో పోయారు, పీజీఏ (అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘం) సభ్యత్వం 2009లో గానీ ఇవ్వలేదు.