డీఏ, డీఆర్ స్కోర్లు: ఏళ్ల తరబడి వాడినవాడి మాట

బెంగళూరు మారతహళ్లిలో చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లు చూసుకోవడం నా పని. పచ్చళ్ల దుకాణం, పీజీలు, టిఫిన్ సెంటర్లు, ఎక్కువగా మనవాళ్లవే. ఫోన్ చేయగానే అడిగేది "మన డీఏ ఎంతకొచ్చిందండీ?" అనే.

డీఏ అంటే మాజ్ వాళ్ల డొమైన్ అథారిటీ, డీఆర్ అంటే అహ్రెఫ్స్ వాళ్ల డొమైన్ రేటింగ్. ఒక సైటుకి బయటి సైట్ల నుంచి వచ్చే లింకులను బట్టి ఈ కంపెనీలు వేసే అంకెలివి. రెండూ వాడుతున్నాను. రెండూ నూటికి లెక్క, కానీ ఒకే సైటుకి రెండు చోట్లా ఒకే అంకె రాదు. గూగుల్ ఈ రెండింటినీ లెక్కలోకి తీసుకోదు. లింకులను బట్టి పేజీలకిచ్చే తన సొంత పేజ్‌ర్యాంక్ అంకెను బయటికి చూపించడం కూడా 2016లో ఆపేసింది.

మరి స్కోరు ఎక్కువున్న సైట్లే పైన కనిపిస్తాయేం? మంచి సైట్ల నుంచి లింకులొస్తే స్కోరూ పెరుగుతుంది, గూగుల్‌లో స్థానమూ మెరుగుపడుతుంది. అంతేగానీ స్కోరు పెరిగినందువల్ల స్థానం పెరగదు. లింకులు అమ్మేవాళ్లు ఇక్కడే ఆడుకుంటారు. "నెలలో డీఏ 40 గ్యారంటీ" అన్న ఒకరిని మా పీజీ ఓనరు నమ్మారు. అంకె నిజంగానే పెరిగింది. గూగుల్ నుంచి ఎందరు సైటుకొచ్చారో చూపే గూగుల్ వాళ్ల సెర్చ్ కన్సోల్‌లో క్లిక్కులు మాత్రం కదల్లేదు! పైగా ర్యాంకు కోసం లింకులు కొనడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం.

ఇంకో చికాకు, ఈ స్కోరు మిగతా సైట్లతో పోలికమీద వచ్చేది. మనం ఏమీ చెయ్యకపోయినా పడిపోవచ్చు. 20 నుంచి 30కి ఎక్కినంత సులువుగా 70 నుంచి 80కి ఎక్కలేం. ఇది చెప్పకుండా రిపోర్టు పంపితే "సైటు పాడైపోయిందా బాబూ" అని మర్నాడే ఫోను.

మా పచ్చళ్ల దుకాణం స్కోరు ఎప్పుడూ నేలమీదే. అయినా దగ్గర్లో గోంగూర పచ్చడి వెతికితే మ్యాపులో పైనే ఉంటుంది. అక్కడ గూగుల్ చూసేవి దూరం, వెతికినదానికి పొంతన, పేరుప్రఖ్యాతులు. పెద్ద పేరున్న సైట్లకీ రక్షణ లేదు: తమ పరపతిని బయటివాళ్ల పేజీలకు అద్దెకిచ్చే సైట్ల మీద 2024 మేలో గూగుల్ చర్యలు మొదలెట్టింది.

పోటీ సైట్లతో పోల్చుకోడానికి, లింకు అడగబోయే సైటు ఏపాటిదో చూడ్డానికి ఈ స్కోర్లు బాగానే పనికొస్తాయి. ఐదుకి మూడిస్తాను. చిన్న దుకాణానికి మాత్రం డబ్బు కట్టి తీసుకోవద్దు. 16 నెలల లెక్క చూపే సెర్చ్ కన్సోల్ ఉచితమే. నా రిపోర్టుల్లో డీఏ గడి తీసేసి, సైటు చూసి ఎందరు ఫోన్ చేశారో రాస్తున్నాను. పీజీ ఓనరు ఇప్పుడు దాని గురించే అడుగుతున్నారు.