పాత సింథ్ శబ్దానికి ఏది మేలు: జూనోనా, డీఎక్స్7నా, ల్యాప్‌టాపా?

కడపలో ఆర్కెస్ట్రాల్లోనో చర్చిల్లోనో కీబోర్డు వాయించే కుర్రాళ్లు ఈ మధ్య సింథ్‌వేవ్ బాగా వింటున్నారు. ఎక్కువగా మాటల్లేకుండా, 1980ల నాటి సింథ్ (సింథసైజర్, అంటే విద్యుత్‌తో శబ్దాన్ని పుట్టించే కీబోర్డు) శబ్దాలతో సాగే సంగీతం అది. 2000ల తర్వాత ఫ్రాన్స్‌లో కావిన్‌స్కీ లాంటివాళ్లు దీనికి ఊపు తెచ్చారు. వాళ్ల వెనక బెర్లిన్‌లో 1967లో పుట్టిన టాంజరిన్ డ్రీమ్ అనే బ్యాండ్ ఉంది, జర్మనీ నుంచే వచ్చిన క్రాఫ్ట్‌వెర్క్ బ్యాండ్ ఉంది, తన సినిమాలకు తానే సింథ్ సంగీతం కట్టుకున్న దర్శకుడు జాన్ కార్పెంటర్ ఉన్నాడు. విన్నవాళ్లకు వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే. ఆ శబ్దం నా చేతుల్లో పలకాలంటే ఏం కొనాలి?

కొనే మాట తర్వాత. ముందు ఏ శబ్దం కావాలో తేల్చుకోవాలి. పాత సింథ్ అని అందరూ ఒకే గాటన కట్టేస్తారు కానీ అందులో రెండు దారులున్నాయి.

ఒకటి రోలాండ్ జూనో-106, 1984లో వచ్చింది. ఒకేసారి ఆరు స్వరాలు పలుకుతుంది. నిండైన తరంగాన్ని పుట్టించి, ఫిల్టర్‌తో అందులోని పదునును కోసేయడం దీని పద్ధతి. లోపలే ఉన్న కోరస్ బటన్ నొక్కితే సన్నటి శబ్దం కూడా గది నిండా పరుచుకుంటుంది. స్లైడర్లన్నీ ముందే కనిపిస్తాయి, ఒక్కోదానికి ఒక్కో పని. ఫిల్టర్ స్లైడర్‌ను మెల్లగా పైకి తీస్తుంటే మూసుకున్న శబ్దం విచ్చుకుంటుంది. సింథ్‌వేవ్‌లో మనల్ని కట్టిపడేసేది చాలావరకు ఇదే. ఇంకో సంగతి, జూనో మీట గట్టిగా నొక్కినా మెత్తగా నొక్కినా ఒకేలా పలుకుతుంది. హార్మోనియం మీద చేయి తిరిగినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు.

రెండోది యమహా డీఎక్స్7, 1983 నాటిది. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ కనిపెట్టిన ఎఫ్‌ఎం పద్ధతితో నడుస్తుంది. ఒక తరంగం ఇంకో తరంగాన్ని కదిలిస్తే కొత్త శబ్దం పుడుతుంది. ఇందులో ఒక్కో స్వరానికి ఆరు ఆపరేటర్లు (తరంగాన్ని పుట్టించే భాగాలు), వాటిని కలపడానికి 32 అమరికలు, ఒకేసారి 16 స్వరాలు. గంటలు, మెరుపులాంటి ఎలక్ట్రిక్ పియానో, గట్టిగా కొట్టుకునే బేస్ (మంద్ర స్వరాలు) దీని సొత్తు. వేలి ఒత్తిడిని బట్టి శబ్దం మారుతుంది. కానీ కొత్త శబ్దం తయారు చేయాలంటే బటన్లు నొక్కుతూ చిన్న తెర చూస్తూ కూర్చోవాలి. అందుకే ఎక్కువమంది రెడీగా ఉన్న శబ్దాలే వాడుకున్నారు.

జూనోది అనలాగ్ పద్ధతి, అంటే విద్యుత్ సర్క్యూట్లతోనే శబ్దాన్ని మలిచేది; డీఎక్స్7ది డిజిటల్. అనలాగే అసలైన రెట్రో అనేవాళ్లతో నేను ఒప్పుకోను. 1980ల సంగీతంలో ఆ గంటల మెరుపు ఎంత ఉందో వినేవాళ్లకు తెలుసు. అయినా మొదట పట్టాల్సింది జూనో దారే. ఏ స్లైడర్ కదిపితే ఏం మారిందో చెవికి అప్పుడే తెలుస్తుంది, నేర్చుకోవడం అక్కడే జరుగుతుంది. బేస్, వెనక పరుచుకునే శబ్దం జూనో పద్ధతిలో చేసుకుని, పైన మెరిసే స్వరాలకు ఎఫ్‌ఎం తెచ్చుకుంటే బాగుంటుంది.

ఇక అసలు యంత్రమా, ల్యాప్‌టాపా? కడపలో ఉండేవాళ్లకైతే నేను సందేహం లేకుండా ల్యాప్‌టాపే చెబుతాను. పాత జూనో-106లో స్వరాలను పలికించే చిప్పులు వయసు మీద పడి పాడవుతాయి, ఇది అందరికీ తెలిసిన జబ్బు. డీఎక్స్7లో బ్యాటరీ అయిపోతే దాచుకున్న శబ్దాలు పోతాయి. జపాన్ నుంచి తెప్పించిన సెట్టు 100 వోల్టులది, మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది. మన ఎండలు, దుమ్ము స్లైడర్లకు మంచివి కావు. బాగుచేయించడానికి చెన్నైకో బెంగళూరుకో మోసుకెళ్లాలి. దాని మీద పెట్టే డబ్బుతో మంచి ల్యాప్‌టాపే వస్తుంది.

కొత్తగా తయారవుతున్న అనలాగ్ సింథ్‌లు ఈ విషయంలో నయం. కోర్గ్ మినీలాగ్ నాలుగు స్వరాలు పలుకుతుంది, నాబ్‌లన్నీ చేతికి అందుతాయి. స్టేజి మీద వాయించి సంపాదిస్తున్నవాళ్లు తీసుకోవచ్చు. మినీమూగ్ అనే పాత అనలాగ్ సింథ్ తరహా వాటితో మాత్రం జాగ్రత్త. గది వేడి మారితే శ్రుతి జారుతుంది, ఏసీ లేని గదిలో మే నెలలో ఇది చిన్న టెన్షన్ కాదు.

ల్యాప్‌టాప్‌లో డెక్స్‌డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే డీఎక్స్7 పాత శబ్దాల ఫైళ్లు అలాగే తెరుచుకుంటాయి. జూనో తరహాకు టైరెల్ ఎన్6 ఉచితం. రెండు మూడు నాబ్‌లున్న చిన్న మిడి కీబోర్డు (ల్యాప్‌టాప్‌కు తగిలించి సాఫ్ట్‌వేర్‌ను వాయించేది) తప్పనిసరి, మౌస్‌తో ఫిల్టర్ తిప్పితే ఆ రుచి రాదు. మీట నొక్కాక శబ్దం ఆలస్యంగా వస్తుంటే విండోస్‌లో ఆసియో డ్రైవర్ (శబ్దం ఆలస్యాన్ని తగ్గించే సాఫ్ట్‌వేర్) వేసి, దాని సెట్టింగుల్లో బఫర్‌ను 128 శాంపిళ్లకు తగ్గించండి. ల్యాప్‌టాప్ స్పీకర్లలో బేస్ వినపడదు, హెడ్‌ఫోన్స్‌తోనే పని చేయండి.

ఏం వాయించాలన్నది ఇంకా ముఖ్యం. 1982లోనే ముంబైలో చరణ్‌జిత్ సింగ్ అనే స్టూడియో వాద్యకారుడు రోలాండ్ యంత్రాల మీద పది రాగాలు వాయించి రికార్డు తెచ్చాడు. కాబట్టి ఈ శబ్దం పరాయిదేమీ కాదు. జూనో బేస్‌ను ఒకే వరసలో తిప్పుతూ దాని మీద మోహనం ఐదు స్వరాలు వాయించి చూడండి. గమకానికి పిచ్ బెండ్ (స్వరాన్ని పైకీ కిందికీ జార్చే చక్రం) ఉంది. దాని రేంజి రెండు సెమీటోన్ల దగ్గర పెట్టుకుంటే వేలికి త్వరగా అలవాటవుతుంది.